ఆగని కవలలు

ఫలానావారి అమ్మాయి కంప్యూటర్ చదివిందంటే చాలు, ఎదుటివాళ్లు గొంతు తగ్గించి మాట్లాడే కాలం ఒకటి ఉండేది. తొంభైల మొదట్లో మద్రాసులో (అప్పటికింకా చెన్నై కాలేదు) కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే గుమ్మం బయట చెప్పులు విప్పాలి, లోపల గట్టిగా దగ్గకూడదు. మా చూలై వీధిలో ఎవరింట్లో రేడియో మూగబోయినా, మిక్సీ తిరగకపోయినా నన్నే పిలిచేవారు. నాకు ఫ్యూజు వెయ్యడం కూడా రాదని చెబితే పొగరనుకునేవారు. అలాంటి రోజుల్లో ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చీ రాగానే లెక్చరర్నయిపోయాను. చీర కుచ్చిళ్లు అమ్మ పెడితే తప్ప నిలిచేవి కావు గానీ, క్లాసులో అడుగు పెడితే మాత్రం నా అంతటిది లేదన్న ధీమా. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను పిలిచి ఒక మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది.

మా కాలేజీ మనలి దాటాక, లారీలు దుమ్ము రేపుకుంటూ పోయే రోడ్డు పక్కన, ఒకప్పటి గోడౌనులో ఉండేది. గాలి మావైపు మళ్లిందంటే మనలి ఫ్యాక్టరీల కంపుకి కిటికీలు మూసుకుని పాఠం చెప్పాల్సిందే. దాన్ని పెట్టినాయన మిరపకాయల మండీ ఆసామి. కాలేజీ పెట్టాక అందరూ ఆయన్ని కరస్పాండెంట్ సారు అనేవారు. కంప్యూటర్లు కొన్న మాట నిజమే, కానీ వాటిని అట్టపెట్టెల్లోంచి తియ్యనిచ్చేవాడు కాదు. "పిల్లకాయలు తాకితే పాతవైపోతాయి మ్మా. ఇన్‌స్పెక్షన్ రోజు కొత్తగా ఉండాల గదా! అందాక నువ్వు నోటితో చెప్పు," అనేవాడు. మూట విప్పితే సరుకు విలువ పడిపోతుందన్నది ఆయన జీవితమంతా నేర్చుకున్న విద్య.

ఆ ఇన్‌స్పెక్షన్ మీదే నా బతుకు ఆధారపడి ఉంది. యూనివర్సిటీ నుంచి వచ్చి చూసి సరేనంటేనే మా కంప్యూటర్ విభాగం ఉంటుంది, అది ఉంటేనే నా ఉద్యోగం ఉంటుంది. మా నైన (నాన్నే) ఒక టోకు వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడు. నాకు ముందే చెప్పేశాడు: "ఒక్క సంవత్సరం చూస్తా పాపా. నిలబడకపోయిందా, మారుమాట లేకుండా బ్యాంకు పరీక్ష రాయాల. ఆడ ఫ్యాను కింద నిమ్మళంగా కూర్చోవచ్చు." బ్యాంకు మీద నాకేం కోపం లేదు. కానీ మనం రాసిన ప్రోగ్రాం మనం అనుకున్నట్టే నడిచినప్పుడు ఒళ్లంతా పులకరిస్తుందే, ఆ రుచి మరిగినదాన్ని. అది వదులుకోవాలంటే ఏడుపొచ్చేది.

పెట్టెల్లో దాక్కున్న యంత్రాలతో పాఠం ఎలా? పిల్లల్నే కంప్యూటర్ చేసేశాను. వాళ్లను వరసగా నిలబెట్టి, పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల దాకా వరస కుదరడానికి బోర్డు మీద ఆజ్ఞలు రాసేదాన్ని. ఎడమ చివర నుంచి ఒక్కొక్కరే కుడిపక్కకి చూడాలి. ఆ పక్కవాడు తనకంటే పొట్టివాడైనా, తనతో సమానమైనా, అతనితో చోటు మార్చుకోవాలి. చివరిదాకా వచ్చాక మళ్లీ మొదటినుంచి. ఒక చుట్టులో ఎవరూ చోటు మారకపోతే ఆగిపోవాలి. అందులో 'సమానమైనా' అన్న ముక్క నా సొంత తెలివి (ఏ సందర్భమూ వదిలిపెట్టకూడదట!). "నేనే వచ్చి ఆపండని బతిమాలినా ఆపకండి. కంప్యూటర్‌కి మేడం తెలియదు, సారు తెలియదు. రాసింది ఒక్కటే తెలుసు," అని రోజూ ఊదరగొట్టేదాన్ని. ఎన్నిసార్లు చేయించినా వరస చక్కగా కుదిరి, చక్కగా ఆగేది.

ఆ క్లాసులో ఎన్నూరు నుంచి వచ్చే కవలలు ఉండేవారు, మన తెలుగు పిల్లలే. వాళ్లను అందరూ పెద్దోడు, చిన్నోడు అనేవారు. తరవాత తెలిసిన సంగతేమిటంటే, వాళ్లిద్దరూ ఏ రోజూ కలిసి క్లాసుకు రాలేదు. ఒకడు వస్తే ఇంకొకడు వాళ్ల నాయన లారీ ఎక్కి ఊరు తిరగడానికి పోయేవాడు. వచ్చినవాడే గొంతు మార్చి ఇద్దరికీ హాజరు పలికేవాడు. (నేను తలెత్తకుండా పేర్లు పిలిచేదాన్ని మరి.)

ఇన్‌స్పెక్షన్ రోజు అందరూ రావలసిందేనని కరస్పాండెంట్ సారు హుకుం. అందరూ వచ్చారు. పొద్దున్నే పెట్టెలు విప్పించి, కంప్యూటర్లకు బొట్లు పెట్టి, మల్లెపూల దండలు వేసి, వాకిట్లో గుమ్మడికాయ కొట్టి, "ఒకే మారు వెయ్యండ్రా!" అని ఆయన చెయ్యి ఊపగానే స్విచ్చులన్నీ ఒక్కసారే నొక్కారు. టప్పుమంది. ఫ్యాన్లతో సహా సమస్తం ఆగిపోయింది. కరెంటువాళ్లు సాయంత్రం దాకా రాలేమన్నారు. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ ప్రొఫెసర్‌గారు కారు దిగారు. ఆయనదీ తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. దండలేసిన యంత్రాలను కాసేపు చూసి, "బాగుండాయి. పని చేస్తాయా, ఇట్లనే దణ్ణం పెట్టుకోవాల్నా?" అన్నారు. కరస్పాండెంట్ సారు నన్ను పక్కకు లాగి, "అమ్మా, నీకు పుణ్యముంటాది, ఏమన్నా ఒకటి చేసి చూపించు!" అన్నాడు.

ఏముంది నా దగ్గర? బోర్డు ముంగిట్లోకి మోయించి, ఆజ్ఞలు రాసి, పిల్లల్ని వరస పెట్టి "మొదలు!" అన్నాను. మొదటి చుట్లు అద్భుతంగా సాగాయి. ప్రొఫెసర్‌గారు తల ఊపుతుంటే నా గుండె ఉప్పొంగిపోయింది. వరస కుదిరింది. అందరూ ఆగారు, ఇద్దరు తప్ప. ఇద్దరిదీ ఒకే ఎత్తు మరి. పెద్దోడు చిన్నోడితో చోటు మార్చుకున్నాడు. మరుసటి చుట్టులో చిన్నోడు పెద్దోడితో. మళ్లీ పెద్దోడు. నేను పళ్లబిగువున "చాలు, ఆగండి" అన్నాను. "అట్ల రాసిలేదు మేడం," అన్నారిద్దరూ ఒకే గొంతుతో, చోటు మార్చుకుంటూనే.

కరస్పాండెంట్ సారుకు ఓపిక పోయింది. "ఏందిరా ఈ కూత్తు, వీధి నాటకమా! నిలపండ్రా!" అంటూ వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. మనిషి పొట్టి. ఎడమపక్కనున్న చిన్నోడు కుడివైపు చూశాడు, పొట్టివాడు కనబడ్డాడు. మర్యాదగా ఆయన భుజాలు పట్టుకుని తన చోట్లో నిలబెట్టి తాను ఇటు వచ్చాడు. మరుసటి చుట్టులో ఇంకొకడు. "ఒరే, నేను కరస్పాండెంట్‌నిరా!" అని ఆయన మొత్తుకుంటుంటే, "అది బోర్డు మీద లేదు సార్," అంటూ చుట్టుకొక చోటు చొప్పున ఆయన్ని ఎడమ చివరకు చేరవేస్తున్నారు. వెనకాల కవలలు మళ్లీ పక్కపక్కకు వచ్చి వాళ్ల పని మొదలుపెట్టారు. నాకు బ్యాంకు ఫ్యాను గాలి అప్పుడే తగులుతోంది.

ప్రొఫెసర్‌గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వుతున్నారని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. "వాళ్లకి చెప్పకమ్మా, వినరు. వినగూడదు కూడా. యాడ తప్పు రాసినావో ఆడనే దిద్దు," అన్నారు. అప్పుడు చూశాను బోర్డు వైపు. నా సొంత తెలివి తెల్లగా మెరుస్తోంది. గుడ్డ కోసం వెతికే ఓపిక లేక, కొత్త చీర కొంగుతోనే 'సమానమైనా' అన్న ముక్క తుడిచేశాను. మిగిలిన చుట్లు పూర్తయ్యాయి. కరస్పాండెంట్ సారు అందరికంటే ముందు, కవలలు చివరన, అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు.

"ఈ పిల్లకాయలకి కంప్యూటర్ అంటే ఏందో తెలిసిపోయింది. ఆ దండలేసినవి మాత్రం ఇంక పెట్టెల్లో మూసిపెట్టద్దండి," అని కరస్పాండెంట్ సారుతో చెప్పి ప్రొఫెసర్‌గారు విభాగానికి సరేనన్నారు. కారెక్కబోతూ నావైపు తిరిగి, "ప్రోగ్రాం ఆగతాదా, ఆగదా అని ముందే తెలుసుకునేది పెద్ద చదువు. నా దగ్గర చేరతావా?" అన్నారు. చేరాను. డాక్టరేట్ వచ్చింది, ప్రొఫెసర్నయ్యాను, ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇన్నేళ్లు బతికేశాను. మా నైనకు మాత్రం చివరిదాకా అనుమానమే: "ఆగతాదో లేదో చూసేదానికి జీతమిస్తారా పాపా?"

మొన్న చూలైలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల వరసలో నా ముందు తలలు నెరిసిన ఇద్దరు పెద్దమనుషులు. ఎత్తు సమానమే, పొట్టలు మాత్రం కాదు. ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. "మేడం!" అని కూడా అనలేదు. ముఖాలు గంభీరంగా పెట్టుకుని చోటు మార్చుకున్నారు. మళ్లీ మార్చుకున్నారు. వెనకాలవాళ్లు కదలండయ్యా అని గోల పెడుతున్నారు. ఆనాటి ఆ ధీమా పిల్లయితే "చాలు, ఆగండి!" అని అరిచేదే. నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఇంకొక్క చుట్టు చూద్దామని అలాగే నిలబడ్డాను.