చెప్పాపెట్టకుండా ఆరిన లైటు

ఆపరేషన్ థియేటర్లో అందరికీ ఆమె పిన్నే. పెద్ద సర్జనుకీ పిన్నే, నేల తుడిచే తాతకీ పిన్నే. ఇరవై ఆరేళ్లుగా ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు చూసుకునే టెక్నీషియను. ఇలాంటివాళ్ల పేర్లు ఆసుపత్రి గోడల మీద చెక్కరు. చెక్కాలి.

అన్ని పనిముట్లలోనూ ఆమె ప్రాణం లారింగోస్కోపుల మీద. మత్తిచ్చాక మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు, గొంతులోకి గొట్టం వేయాలి. డాక్టరుకి ఆ దారి చూపించేది ఈ పనిముట్టే. చేత్తో పట్టుకునే పిడిలో బ్యాటరీ, నోట్లో పెట్టే గరిటె కాడలాంటి బ్లేడుకి కందిగింజంత లైటు. అది వెలగకపోతే ఎంత చదివిన డాక్టరైనా తడుముకోవాల్సిందే.

పాత పిడుల్లో మామూలు సెల్లులుండేవి. రోజూ పొద్దున్నే పిన్ని ఒక్కో పిడినీ వెలిగించి, బొటనవేలి గోరు మీద వెలుగు వేసుకుని చూసేది. కాస్త పసుపు తిరిగిందా, సెల్లులు చెత్తబుట్టలోకే. "ఇవి మా పెద్దమామయ్య లాంటివి. నెల్లాళ్లు మూలిగి, ఊరందరికీ చెప్పి మరీ పోతాయి" అనేది. ఆ గోటి తీర్పు ఒక్కసారీ తప్పలేదు. ఇంట్లో టార్చి కనపడ్డా వదిలేది కాదు. దర్జీ పని చేసే భర్త కుట్టుమిషను లైటు కింద మొహం పెట్టి, "నన్నూ ఓసారి చూడవే, పసుపు తిరిగానేమో" అని ఏడిపించేవాడు.

రెండేళ్ల కిందట ఛార్జింగు పిడులొచ్చాయి. వెలుగు చూస్తే కళ్లు చెదిరేంత తెలుపు. పిన్ని గోరు మీద వేసుకుంది, మురిసిపోయింది. తెల్లనివన్నీ పాలు కావని ఇంటిల్లిపాదికీ బోధించే మనిషికి ఆ తెలుపు మాత్రం అచ్చంగా పాలలాగే కనిపించింది. పాత పిడి ఒకదాన్ని పారేయడానికి చేతులు రాక, కొత్త సెల్లులు వేసి బీరువాలో దాచుకుంది.

ఆ రోజు బల్ల మీద ఉన్నది సరుకుల వ్యాను డ్రైవరు, హెర్నియా ఆపరేషనుకి వచ్చాడు. మత్తు డాక్టరమ్మ బ్లేడు లోపలికి పెట్టింది. గొంతు కనిపించింది, గొట్టం అందుకుంది, లైటు ఆరిపోయింది. పక్కనున్న రెండో పిడి అరనిమిషం వెలిగి అదే దారి పట్టింది. డాక్టరమ్మ వెంటనే మాస్కు పెట్టి గాలి కొట్టసాగింది. పిన్ని బీరువా దగ్గరికి పరిగెత్తింది. పాత పిడి వెలిగింది. గొట్టం లోపలికి వెళ్లింది. డ్రైవరు బతికాడు.

సాయంత్రం డాక్టరమ్మ రిపోర్టులో 'పనిముట్టు లోపం' అని రాసింది.

"అది కొట్టెయ్యండమ్మా. చూసిన తీరులో ఉంది తప్పు. పొద్దున రెండూ వెలిగించింది నేనే" అంది పిన్ని.

"వదిలెయ్యి పిన్నీ. ఏడాదిలో రిటైరవుతావు. పిడులు వెనక్కి పంపిస్తే కొత్తవొస్తాయి."

"కొత్తవాటినీ నేను ఇలాగే చూస్తాను కదమ్మా. ఇవి పాతబడితే పూర్తిగా ఛార్జయినట్టే కనపడతాయి, రెండు నిమిషాల్లో చచ్చిపోతాయి. చచ్చేదాకా తెల్లగానే వెలుగుతాయి. ఇంకోడి గొంతులో ఆరేదాకా మనకి తెలీదు."

డాక్టరమ్మ రిపోర్టు కాగితం ఆమె చేతికిచ్చింది. ఇరవై ఆరేళ్ల మచ్చలేని పేరు మీద పిన్ని తన చేత్తోనే మరక వేసుకుంది. 'పరీక్షించిన పద్ధతిలో తప్పు' అని రాసి సంతకం పెట్టింది.

చెప్పాల్సినవాడు ఇంకొకడున్నాడు. మర్నాడు వార్డుకి వెళ్లేసరికి డ్రైవరు దిండుకి ఆనుకుని ఉన్నాడు. భార్య పండు కోస్తోంది. పిన్ని జరిగిందంతా ఒక్క మాట దాచకుండా చెప్పింది.

భార్య చేతిలో కత్తి ఆగింది. "ప్రాణం పోయుంటే?"

పిన్ని తల దించుకుని నిలబడింది.

డ్రైవరు పిన్ని వైపు తిరిగాడు. "ఎంతసేపు వెలిగించి చూశావు చెల్లెమ్మా?" గొట్టం దిగిన గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

"ఒక్క క్షణం అన్నా."

"నేనూ అంతే, కుర్రతనంలో. నిలబడ్డ బండిలో బ్రేకు తొక్కి, బాగుందని సరుకెక్కించేవాణ్ణి. ఓసారి దిగుడులో పట్టలేదు, గోడకి కొట్టాను. అప్పట్నుంచీ నాలుగు వీధులు తిప్పాకే సరుకు." దిండు సర్దుకుని, "నువ్వూ తిప్పి చూడు" అన్నాడు. భార్య కోసిన పండు పిన్ని వైపు జరిపింది.

మరుసటి రోజు పిన్ని అరగంట ముందే వచ్చింది. ఆరిపోయిన ఆ రెండూ పోగా మిగతా ఎనిమిది పిడులూ వెలిగించి ట్రేలో వరసగా పెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని గోడ గడియారం చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు వెలిగినవే మళ్లీ ఛార్జరెక్కి, ఆ తర్వాత బల్ల మీదికి వెళ్తాయి. నాలుగు నిమిషాలు, అయిదు, ఆరు. అన్నీ ఒకే తెలుపు. ఏడో నిమిషంలో, ఎడమ నుంచి మూడోది, రవ్వంతైనా మసకబారకుండా ఆరిపోయింది.

అది మొదటి బల్లకి వెళ్లాల్సిన పిడి. పిన్ని ఆ రోజు ఆపరేషన్లు రాసిన బోర్డు వైపు చూసింది. మొదటి ఆపరేషను టాన్సిల్స్, పాప, వయసు ఆరేళ్లు.

ఆ పిడిని ట్రేలోంచి తీసి పక్కన పెట్టింది. ఇంకా మూడు నిమిషాలున్నాయి. కళ్లు తుడుచుకుని, మిగిలిన ఏడింటినీ చూస్తూ కూర్చుంది.