చప్పుడు మింగే పెట్టె

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. కూరలో ఉప్పు తగ్గితే ఎవరో కావాలనే తగ్గించారనుకుంటాను. బస్సు ఆలస్యమైతే డ్రైవరు నన్ను చూసే ఇంకో టీ చెప్పాడనుకుంటాను. ఎమ్మిగనూరు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికాక ఆదోనిలో మా పెదనాన్న ఇంట్లో మేడ మీద గదిలో ఉంటున్నాను. పెదనాన్నది పత్తి వ్యాపారం. కింద పత్తి, పైన నేను. నాతోపాటు బెంగుళూరులో కొన్న, గిటారు చప్పుడు పెంచే ఒక పాత యాంప్.

అది ట్యూబు యాంప్. వెనకటి రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు ఉండేవే, వాటితో నడిచే రకం. దానితో చిక్కేమిటంటే, బాగా పెంచితే తప్ప అసలు గొంతు రాదు. తగ్గిస్తే జలుబు చేసినట్టు మూలుగుతుంది. పెంచితే పెద్దమ్మ వంటింట్లో గూట్లోని గిన్నెలు నడుస్తాయి. ఒక రోజు పాలగిన్నె నడిచి నడిచి కింద పడింది. ఇంకొక గిన్నె పడితే ఆ యాంప్ వీధిలో ఉంటుందని పెద్దమ్మ చెప్పేసింది. ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. పెదనాన్న ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ అనుమానం కలిగించింది. పెద్దమ్మ చేత ఆయనే అనిపించి ఉంటాడని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

గిటారు లేకుండా నేను ఆ ఊళ్లో ఉండలేను. పొద్దున బస్సుకు ముందు కాసేపు వాయించకపోతే రోజంతా పిల్లల మీద విసుక్కుంటాను. అందుకని అటెన్యుయేటర్ అనే పెట్టె తెప్పించాను. దాన్ని యాంప్‌కూ స్పీకరుకూ మధ్య తగిలించాలి. యాంప్ ఎంత అరిచినా ఆ అరుపులో ముప్పాతిక భాగం ఆ పెట్టె మింగేస్తుంది. మింగినదంతా వేడిగా మార్చి బయటికి వదులుతుంది. స్పీకరులోంచి మాత్రం అదే గొంతు, పక్కగదికి వినపడనంత మెల్లగా వస్తుంది.

వస్తుందని అమ్మినవాడు చెప్పాడు. నేను నమ్మలేదు. చప్పుడుతో పాటు స్వరంలో పస కూడా ఇది తినేస్తున్నదేమోనని స్పీకరుకు చెవి ఆనించి వినేవాణ్ణి. ఏదో తగ్గింది అనిపించేది. ఏం తగ్గిందో చెప్పలేను. గిన్నెలు మాత్రం కదలడం మానేశాయి, పెద్దమ్మ నాకు మళ్లీ నెయ్యి వడ్డించడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత అసలు అనుమానం మొదలైంది. పొద్దున గోడ పక్కన వదిలిన పెట్టె సాయంత్రం వచ్చేసరికి గది నడుమ ఉండేది. దాని కింద ఎవరో కడప బండ ముక్కొకటి పెట్టారు. పెద్దమ్మను అడిగితే నీ గదికి నేనెందుకు వస్తానప్పా అంది. పెదనాన్నను అడిగితే పత్తి ధర గురించి మాట్లాడాడు. ఇద్దరూ కలిసి నన్ను మెల్లగా సాగనంపుతున్నారని నాకు ఖాయమైపోయింది. దొంగను పట్టాలని ఒక పొద్దున కిటికీ మూసి, ఫ్యాను ఆపి, పెట్టె మీద సన్నటి పత్తి పోగు పెట్టి బస్సెక్కాను. సాయంత్రం చూస్తే పోగు లేదు.

అదీ ఓర్చుకున్నాను. కానీ ఇంకో సాయంత్రం యాంప్ నుంచి పెట్టెకు వెళ్లే తీగ ఊడబీకి, చక్కగా చుట్ట చుట్టి పక్కన పెట్టి ఉంది. ఆ తీగ లేకుండా ట్యూబు యాంప్ ఆన్ చేసి వాయిస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. కర్నూలు దాకా వెతికినా దాన్ని బాగుచేసేవాడు నాకు దొరకడు. యాంప్‌ల సంగతి తెలిసినవాడెవడో పనిగట్టుకుని చేశాడనుకున్నాను. ఇంట్లో అది తెలిసినవాళ్లెవరూ లేరని తట్టలేదు. కోపమొస్తే నాకు ఏదీ తట్టదు. మర్నాడు పొద్దున తీగ మళ్లీ తగిలించి వాయించుకుని, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మెట్లు దిగాను.

బస్సు ఊరు దాటకముందే చెడిపోయింది. ఇంకోటి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. విసుక్కుంటూ ఇంటికి తిరిగొచ్చాను. మెట్ల మీద పెదనాన్న ఉన్నాడు.

ఆయన నా గది ముందు, చివరి మెట్టు మీద కూర్చుని, చేతి వెనకభాగాన్ని తలుపుకు ఆనించి ఉన్నాడు. పత్తి ఇళ్లల్లో వేడి చూసే పద్ధతి అదే. పత్తి కుప్ప దిగిన నాటి నుంచి రోజూ మోచేతి దాకా లోపలికి దూర్చి అలాగే చూస్తారు. తడి పత్తి పైకి చల్లగానే ఉండి లోపల కాగుతుంది. అందుకే పత్తి ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో దేవుడి దీపం కూడా వెనక పెరట్లోకి పోతుంది. వీటన్నిటినీ నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

పట్టుబడ్డాడు కదా అని గట్టిగానే అడిగాను, తీగ పీకింది నువ్వేనా అని. దాచలేదు. కుప్ప కాగితే విడదీస్తాం, అట్లే తీసినా అన్నాడు. వేడెక్కినదాన్ని విడదీసి పరిస్తే చల్లారుతుందని ఆయన లెక్క. బండ పెట్టింది కూడా ఆయనే. నేను బస్సుకు పోయాక రోజూ పైకొచ్చి, ఆ పెట్టె చల్లబడేదాకా దాని ముందు కూర్చుని, అప్పుడు పత్తి అమ్మే మార్కెట్ యార్డుకు పోయేవాడట.

"యాంప్ ఇంకా ఎక్కువ కాలుతుంది కదా పెదనాన్నా, దాన్నెందుకు ముట్టుకోలేదు?"

"దాని నిప్పు కంటికి కనపడతాది. అరుస్తాది గూడా. ఈ పెట్టె ఏమీ సెప్పకుండా కాగుతాది. పైగా నువ్వు దాని మింద పత్తి పోగు పెట్టి పోతివి. నిన్నెట్ల నమ్మేదప్పా?"

ఆ పోగు దొంగను పట్టడానికి పెట్టిందని చెప్పకుండా దాటేశాను. పెట్టె దానంతటదే చల్లారుతుందని, ఇంతవరకు ఏమీ కాలేదు కదా అని మాత్రం అన్నాను.

"నేనూ ఆ పొద్దు అట్లే అనుకుంటి," అన్నాడు.

ఏ పొద్దని అడిగితే చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు కుప్ప మీద చెయ్యి పెట్టి, చల్లగానే ఉందని అన్నానికి పోయాడు. వచ్చి చూస్తే లోపలంతా బొగ్గు. ఆ పత్తి తమది కాదు, ఊళ్ల నుంచి నమ్మి దింపి పోయిన రైతులది. వాళ్లు వచ్చి కుప్ప ముందు ఏమీ అనకుండా నిలబడ్డారట. తిట్టింటే బాగుండు అన్నాడు. ఇంతసేపూ ఆయన చెయ్యి తలుపు మీదే ఉంది. నాకు సిగ్గేసింది. తాళం తీశాను. ఆయన లోపలికి పోయి పెట్టె మీద చెయ్యి పెట్టాడు. అది ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఇద్దరం దాని ముందు కూర్చున్నాం.

"కింద పత్తి పోయేదాకా దీన్ని తీసెయ్యి. గట్టిగానే వాయించుకో," అన్నాడు పెదనాన్న.

"పెద్దమ్మో?"

"నేను సెప్పుకుంటాలే."

మర్నాడు పొద్దున స్పీకరును నేరుగా యాంప్‌కు తగిలించి పూర్తిగా పెంచాను. గిటారు తీగ మీద వేలు పెట్టగానే కిటికీ అద్దాలు అదిరాయి. పెద్దమ్మ పెరట్లోకి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది. ఆ చూపులో నా యాంప్‌కు వీధిలో చోటు ఖాయమైనట్టే అనిపించింది. ఆపకుండా వాయించాను, మళ్లీ మళ్లీ కిటికీలోంచి చూస్తూ. పెదనాన్న వరండాలోకి వచ్చి ఒక నిమిషం నిలబడి విన్నాడు. తర్వాత చెప్పులు వేసుకుని, మెట్ల వైపు రాకుండా, నేరుగా యార్డుకు పోయాడు.