బావా బావమరుదుల నడుమ తడి దుప్పట్లు

ఫిర్యాదుల కౌంటర్లో ఏళ్ల తరబడి జవాబులు చెప్పి చెప్పి విసిగిపోయాక, ఆవిడ ప్రశ్నలడిగే ఉద్యోగంలోకి మారింది. ఎక్కడైనా ఒక పని ఎంతకీ తెమలకపోతే, సంబంధించిన వాళ్లందరినీ బల్ల చుట్టూ కూర్చోబెడుతుంది. సలహా ఇవ్వదు. అడుగుతుంది, వాళ్ల చేత అడిగిస్తుంది. అందరూ ఆవిడను ప్రశ్నలక్కయ్య అనేవారు. భర్త మాత్రం, "ఇంట్లోనైనా ఒక్క జవాబు చెప్పు తల్లీ! అన్నం వండనా, వద్దా?" అని వేడుకునేవాడు.

ఒకసారి ఆవిడను ఒక లాండ్రీ యజమానురాలు పిలిపించింది. అక్కడ ఉతికిన దుప్పట్లు తడితడిగానే హోటళ్లకు చేరుతున్నాయి. అక్కడ ఉతికే విభాగం చూసేది బావ, ఇస్త్రీ విభాగం చూసేది అతని బావమరిది. బావ కట్టుకున్న కొత్త ఇంటి మెట్లు వంకరగా ఉన్నాయని బావమరిది నోరు జారిన నాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ వ్యాన్ డ్రైవరు చేరవేస్తున్నాడు.

ఆవిరితో ఉక్కపోస్తున్న వెనక గదిలో బావ, బావమరిది, డ్రైవరు ముగ్గురూ అక్కయ్య ఎదుట కూర్చున్నారు.

"ఎవరైనా ప్రశ్న అడగాలి, లేదా అడిగినదానికి జవాబు చెప్పాలి. అంతే," అంది అక్కయ్య.

బావ వెంటనే అందుకున్నాడు. "వీడికి బుద్ధుందా? ప్రశ్నే కదా మేడమ్?"

"ఈయన పుట్టుకతోనే ఇంతా? ఇదీ ప్రశ్నే," అన్నాడు బావమరిది.

"ఇవి జవాబు కోసం అడిగారా, దెప్పడానికి అడిగారా?" అంది అక్కయ్య.

"దెప్పడానికే!" అన్నారిద్దరూ. వాళ్లు ఏకమైన మొదటి విషయం అది.

ఆ వెంటనే మెట్ల గొడవ మొదలైంది. ఎవరు ఎవరి మాట వింటున్నారో తెలియలేదు. అక్కయ్య సహనం కాస్తా తెగిపోయింది.

"నోర్మూసుకోండి!" అని బల్ల మీద చరిచింది.

గది చప్పున సద్దుమణిగింది. డ్రైవరు భయం భయంగా, "మేడమ్, ఇది ప్రశ్నా?" అన్నాడు.

ఆవిడ మొహం కందిపోయింది. "కాదు, నాదే తప్పు. ఇప్పుడేం అడగాలో నాకూ తోచడం లేదు. మీలో ఎవరికైనా తోస్తోందా?"

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నేనడుగుతా. దుప్పట్లూ నేనే మోయాలి, మీ మాటలూ నేనే మోయాలి. రెండింట్లో ఏది మానెయ్యమంటారు?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. బావమరిది బల్లకేసి చూస్తూనే అడిగాడు. "నీళ్లు పిండే మిషన్ని మధ్యలోనే ఎందుకు ఆపేస్తున్నావు బావా?"

"ఆపకపోతే అది గెంతుకుంటూ నీ గదిలోకొచ్చి కూర్చుంటుంది! కింద బోల్టులు వదులైపోయాయి."

"ఆ ముక్క నాకు చెప్పొద్దూ? పెద్ద రెంచి నా దగ్గరే ఉందిగా!"

"నీతో మాటల్లేవుగా, ఎలా చెప్పేది?"

"నాతో చెప్పి పంపొచ్చుగా?" అన్నాడు డ్రైవరు.

"నీతో పంపే తిట్లలో పడి ఆ సంగతే మర్చిపోయాన్రా!" అన్నాడు బావ.

బోల్టులు ఆ పూటే బిగించారు. అప్పట్నుంచి దుప్పట్లు పొడిపొడిగా వెళ్లాయి.

కొన్నాళ్లకు అక్కయ్య మళ్లీ వెళ్తే వాకిట్లోకే అరుపులు వినిపించాయి. ఫ్యాను ఎవరివైపు తిప్పాలని బావా బావమరుదులు ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటున్నారు. డ్రైవరు వ్యాన్లో కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాడు.

"రాజీ పడలేదా?" అంది అక్కయ్య కంగారుగా.

"లేదు మేడమ్. కానీ ఇప్పుడు తిట్లు నేరుగా తిట్టుకుంటున్నారు. నా ప్రాణం హాయిగా ఉంది," అన్నాడతను.