మసకబారిన మీటరు

బాలకిషన్‌కు పగలంటే భయం పట్టుకుంది. చీకటికి జడిసేవాళ్లను చూశాం గాని, ఎండకు జడిసే డ్రైవరును మాదన్నపేటలో ఎవరూ చూసి ఉండరు.

అంతా కారు మీటరు వల్ల వచ్చింది. పాత కారే అయినా అందులో వేగం ముల్లుతో కాదు, పచ్చటి అంకెలతో కనిపిస్తుంది. దసరా వెళ్లిన దగ్గర్నుంచి ఆ అంకెలు పగటిపూట మసకబారాయి. పొద్దున గల్లీ పిల్లల్ని కిరాయికి బడికి తీసుకెళ్లేటప్పుడు ఎంత కళ్లు చికిలించినా నలభైయో అరవయ్యో తెలియడం లేదు. దీపాలు పెట్టే వేళకు మాత్రం అవే అంకెలు చక్కగా కనిపిస్తాయి. బండి చెడితే రోజంతా చెడాలి గాని, పొద్దున చెడి సాయంత్రం బాగవుతుందా? చెడింది తన కళ్లేనని బాలకిషన్ తేల్చేసుకున్నాడు.

తండ్రి అంజన్న కూడా డ్రైవరే. షుగరు కళ్లకెక్కి, ఇంచుమించు ఈ వయసులోనే చూపు పోగొట్టుకున్నాడు. "ఎండల ఏం కనవడ్తలేదు బిడ్డా" అన్న మాటతోనే అది మొదలైంది. ఆఖరికి వాకిలి దాటాలన్నా కొడుకు భుజం పట్టుకోవాల్సి వచ్చింది. బాలకిషన్‌కూ షుగరు ఉంది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

పోనీ పక్కవాణ్ణి పిలిచి, "ఆ అంకె ఎంతో చూడు" అంటే సరిపోయేది కదా! అడగడు. డ్రైవరై ఉండి మీటరు చదవమని ఇంకొకరిని అడిగితే, బాలకిషన్‌కు కళ్లు పోయాయని సాయంత్రానికల్లా గల్లీ అంతా పాకుతుంది. పిల్లల ఇళ్లవాళ్లు వేరే బండి చూసుకుంటారు. అందుకని ఎడ్లబండి తోలినట్టు నడిపాడు. "అంకుల్, సైకిల్ గూడ మనల్ని దాటిపోయింది" అని మున్నీ అనే పాప నవ్వింది. ఏమైందని భార్య కళావతి అడిగితే కసురుకున్నాడు. కంటి దవాఖానకు పోదామంటే ఇంకా గట్టిగా కసిరాడు. పరీక్ష చేయిస్తే ఉన్నది బయటపడుతుందని అతని భయం.

ఒకరోజు పొద్దున బహదూర్‌పురా దగ్గర, మీటరు వంక తొంగి చూసి తలెత్తి కొంత దూరం పోయాక, ఒక ముసలాయన ఉన్నట్టుండి బండికి అడ్డంగా కనిపించాడు. బాలకిషన్ బ్రేకు తొక్కాడు. వెనక సీట్లోంచి మున్నీ ముందుకు తూలింది; ముందు సీటు నుదుటికి కొట్టుకుంది. ముసలాయన తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. పాప నుదుటి మీద చిన్న బొప్పి, అంతే. బాలకిషన్ మాత్రం బడి దాకా మళ్లీ మీటరు వంక చూడలేదు.

పిల్లల్ని దించి నేరుగా శాలిబండ వెళ్లాడు. అక్కడ పాత మెకానిక్ అబ్దుల్ వాహెద్ షెడ్డు ముందు ఆపి, తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

"భాయ్, బండి అమ్మిపెట్టు."

వాహెద్ ఎగాదిగా చూశాడు. ఏమీ అడక్కుండా స్టీరింగు ముందు కూర్చుని బండి స్టార్ట్ చేశాడు. ముందుకు వంగి, మీటరు మీది అద్దాన్ని చేత్తో తుడిచాడు.

"క్యా మియా, అంకెలు కనిపిస్తనే లేవు. గిట్ల ఎట్ల నడుపుతున్నవ్?"

బాలకిషన్ కిటికీలోంచి లోపలికి వంగాడు. "నీకు గూడ కనిపిస్తలేదా?"

"గింత సన్నగ ఎలుగుతుంటే ఎవ్వరికి కనిపిస్తది?"

ఎదుటివాడికి కనబడలేదని అంతగా సంబరపడ్డవాడు లోకంలో ఉండడు. బాలకిషన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాహెద్ ముందరి అద్దం కింద చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ బొత్తామంత నల్లటి గుండ్రటి బుడిపె ఉంది. దాని మీద పసుపూ కుంకుమా దళసరిగా ఎండిపోయి ఉన్నాయి.

"గిది వెలుతురు చూస్తది. ఎండ ఉంటే అంకెల్ని తేజ్ చేస్తది. చీకటైతే కండ్లకు కొట్టకుంట తగ్గిస్తది. గిట్ల మెత్తితే దానికి పగలు గూడ రాత్రే." గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచాడు. అంకెలు పచ్చగా, నిండుగా వెలిగాయి.

మెత్తింది ఎవరో వేరే చెప్పాలా! దసరానాడు బండి పూజలో కళావతి స్టీరింగు నుంచి డిక్కీ దాకా బొట్టు పెట్టని చోటు లేదు. బాలకిషన్ తాళంచెవి వెనక్కి తీసుకుని ఇంటికొచ్చి, వాకిట్లోనే లొల్లి మొదలుపెట్టాడు.

"నీ బొట్టుతోని నా పానం పోయినంత పనైంది! ఇన్ని దినాలు నా కండ్లే పోయినయనుకున్న. గా బుడిపె మీద పెట్టుడేంది?"

అతను అరవడం ఆపేదాకా కళావతి ఆగింది.

"గది బండికి కన్ను లెక్క అనిపిచ్చింది. మామకైనట్టు నీకు కావొద్దని మొక్కుకొని, జెర ఎక్కువనే పెట్టిన."

"దసరాకు మీటర్ మంచిగనే ఉండె గద. నా కండ్ల ఫికర్ నీకప్పుడెందుకు?"

"పండుగకు ముంగట బియ్యం ఏరమని చాట నీకిచ్చిన, యాదికుందా? రాళ్లు ఇడిసిపెట్టి బియ్యపు గింజలు పారేసినవ్. నీకు చెప్తే ఫికర్ చేస్తవని చెప్పలే."

బాలకిషన్ గడప మీద కూలబడ్డాడు. షెడ్డు దగ్గర వదిలిపోయిందనుకున్న భయం మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది. మున్నీ నుదుటి మీది బొప్పి గుర్తొచ్చింది. మీటరు మసకబారింది సరే. ముసలాయన అంత దగ్గరికి వచ్చేదాకా కనబడకపోవడానికి ఏ పసుపు అడ్డొచ్చింది?

"రేపు కండ్ల దవాఖానకు పోదామా?" కళావతి మెల్లగా అడిగింది.

ఈసారి కసరలేదు. "పోదాం. పిల్లల ఇండ్లకు పోయి, రేపటికెల్లి వేరే బండి చూసుకోమని చెప్పొస్త."

"మరి మన బండిలనే పోదామా?"

బాలకిషన్ జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వద్దు. ఆటోల పోదాం."