దయ్యాల సినిమాలో పెండ్లిచూపులు

ఎండాకాలం వస్తే తిరుపతిలో రెండు రకాల జనం ఎక్కువయ్యేవాళ్లు. కొండకు వచ్చేవాళ్లు ఒకరు. దయ్యాల సినిమాల కోసం మా నాయన క్యాసెట్ల అంగడికి వచ్చే సెలవు పిల్లకాయలు ఇంకొకరు. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. ఏ బొమ్మ యాడ ఆడతా ఉండాది, వచ్చే శుక్రవారం టాకీసుకు ఏది వస్తాది, అంగట్లోకి క్యాసెట్టుగా ఏది దిగతాది, అన్నీ పలక మీద సుద్దముక్కతో రాసి అంగడి ముందర తగిలించేది నా పని. పైన పెద్ద అక్షరాలతో "రాబోవు దయ్యాలు" అని రాసేదాన్ని. అరవ దయ్యాలు ముందుగా దిగేవి. వాటికి తెలుగు మాటలు పెట్టేలోపల మా ఊర్లో సగం మంది అరవంలోనే చూసేసి ఉండేవాళ్లు. ఇంగ్లీషు దయ్యాలు నిదానంగా వచ్చేవి, వచ్చి కోస్తా తెలుగు మాట్లాడేవి. అంత దూరం నుంచి వచ్చిన దయ్యానికి మా మాట నేర్పించేవాడు ఒక్కడూ లేడా అని నాకు భలే మంట.

ఏ బొమ్మకు ఎంత భయమో చెప్పేది మాత్రం మా అక్క. ఆమెది దుప్పటి లెక్క. ఇది ఒక దుప్పటి బొమ్మ, ఇది రెండు దుప్పట్ల బొమ్మ అని చెప్పి పంపేది. మూడు దుప్పట్లంటే పోయి అమ్మ పక్కలో పడుకోవాల్సిందే. అక్క అట్లాంటిదాన్ని కూడా వంకాయలు తరుగుతా చూసేది.

ఆ ఏడాది అక్కకు మూడు సంబంధాలు వచ్చినాయి. మూడింటికీ వద్దనేసింది. వచ్చినోళ్లు సొజ్జి తిన్నారు, అక్క ఎత్తు చూసినారు, వంటొచ్చునా అని అమ్మనడిగినారు, ఎంతవరకు చదివిందని నాయననడిగినారు. ఎదురుగ్గానే కూర్చోనుండే అక్కను మాత్రం ఒక్కడూ ఒక్క మాట అడగలా. నాయన కూడా అంతే. అక్క ఇష్టం ఏందో అమ్మచేతనే అడిగించేవాడు. మూడోసారి ఆయనకు కోపం నెత్తికెక్కింది. ఇంకొక్కసారి అడుగుతా, దానికీ వద్దంటే ఇంక అడిగేది లేదు, నాకు నచ్చినోడికి కట్టబెడతా అని తెగేసి చెప్పినాడు. నాయన ఒక మాటంటే దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకే చేతకాదు. ఆ రోజు నుంచి అక్క సరిగ్గా అన్నం తినలా.

నాలుగో సంబంధం మా మేనమామ తెచ్చినాడు. పూతలపట్టు పక్కన మామిడితోపులుండేవాళ్లు. పిల్లోడికి కొండ మీద తలనీలాలు ఇచ్చే మొక్కు ఉండాది, తల్లితో వస్తాడు, కిందికి దిగినాక చూసుకోవచ్చు అన్నాడు. ఇంటికి మాత్రం వద్దని అమ్మ అడ్డం పడింది. మా ఇంట్లో ఎన్ని పళ్లేల సొజ్జి ఖర్చయిందో అప్పటికే వీధంతా లెక్క పెడతా ఉన్నింది. అప్పుడు అక్క నోరు తెరిచింది. ఆ శుక్రవారమే కొత్త దయ్యం బొమ్మ విడుదలయి ఉండాది కదా, మ్యాట్నీకి రమ్మనండి అనింది.

"పెండ్లిచూపుల్లో అందరూ మంచోళ్లుగానే కూర్చుంటారు. దయ్యం ముందర ఎట్లా కూర్చుంటాడో నేను చూడాల."

నాయన నా తలరాత అన్నట్టు మొగం పెట్టినాడు కానీ కాదనలా. నన్ను తోడు పంపినాడు.

మామ టికెట్లు కొనిచ్చి గేటు దగ్గర గుర్తులు చెప్పినాడు. పిల్లోడు గుండుతో ఉంటాడు, పక్కన వాళ్లమ్మ, ఆమెది కూడా గుండే, మీ దగ్గర్లోనే కూర్చుంటారు. లోపల మాటలొద్దు, ఒకర్నొకరు చూసుకోండి, ఆట వదిలినాక నేనొచ్చి పరిచయం చేస్తా. ఇంత చెప్పి ఎదురుగ్గా ఉండే టీ అంగట్లోకి దూరినాడు. మా మామ ఒక్క దుప్పటి బొమ్మ కూడా చూసే రకం కాదు.

ఇప్పుడు తలుచుకుంటే నాకు నేనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తాది. తిరుపతిలో మనిషిని గుండు చూసి గుర్తుపట్టమనేవాడు ఒకడు, సరేనని తలూపే పుట్టు తిరుపతోళ్లు ఇద్దరు! కొండ దిగినోళ్లు సాయంత్రం బండి దాకా పొద్దుపోక ఫ్యాను గాలి కోసం మ్యాట్నీకి రావడం ఆ ఊర్లో పుట్టినోళ్లకు తెలీదా? తెలుసు. ఆ రోజు మాత్రం తట్టలా. మేం లోపలికి పోయేసరికి దీపాలార్పేసినారు. తడుముకుంటా కూర్చున్నాం. తెర మీద మెరుపు మెరిసింది, ఆ వెలుగులో చుట్టూ చూస్తే ఎటు చూసినా గంధం పూసిన గుండ్లు, తెల్లగా, వరసలు వరసలుగా. నేను కెవ్వుమన్నా. దయ్యం ఇంకా రానే లేదు.

అక్క పక్క సీట్లోనే ఒక గుండాయన, ఆయనకు అటుపక్క గుండుతో ఒక పెద్దామె. ఇంకేముంది, ఇతనే అనుకున్నాం. అతను దయ్యం వచ్చినప్పుడంతా పగలబడి నవ్వినాడు. ఇప్పుడు బావిలోనుంచి చెయ్యొస్తాది చూడు అని ముందే చెప్పేసినాడు. చెనిక్కాయల పొట్టంతా అక్క కాళ్ల దగ్గర పోసినాడు. ఎవరి బిడ్డో భయపడి ఏడిస్తే ఇంకా గట్టిగా ఊళ పెట్టినాడు. వాళ్లమ్మ ఏందో అడగబోతే నోరు మూసుకోని చూడు అని కసిరినాడు.

సరిగ్గా మా ముందర వరసలో ఇంకొక గుండు, పక్కన వాళ్లమ్మ గుండు. అతను నెత్తి మీద టవలు కప్పుకోని, పోయిందామ్మా, పోయిందా అని అడగతానే ఉన్నాడు. ఇంకా ఆడనే ఉండాది, తీయొద్దు అని ఆమె చెప్తానే ఉండాది. ఆ ఆట మొత్తానికి అక్క నవ్విందంటే వాళ్లను చూసే.

ఇంక కొంచెంలో అయిపోతాదనంగా అక్క నా చెవిలోకి వంగింది. దయ్యం గోలలో వినపడాలని గట్టిగానే చెప్పింది. సరిగ్గా ఆ నిమిషానికే సినిమాలో చప్పుడంతా ఆగిపోయింది.

"ఈ మనిషితో బతికేదానికంటే ఆ దయ్యంతో కాపురం చేయొచ్చు. కానీ ఈసారి కూడా వద్దంటే నాయన నన్ను ఇంక అడగడు కదే."

పక్కనుండేవాడు చెనిక్కాయలు ఒలుచుకుంటానే ఉన్నాడు. ముందర వరసలో టవలు మాత్రం కదలడం మానేసింది. అక్క పైటకొంగుతో కండ్లు తుడుచుకునింది. దయ్యం బొమ్మ చూస్తా అక్క ఏడవడం నేనెప్పుడూ చూడలా. నాకు ఆ చెనిక్కాయల గుండోణ్ణి గిచ్చాలనిపించింది.

దీపాలు వెలిగినాయి. పక్కనుండేవాడు లేచి, పొట్టు దులుపుకోని, వాళ్లమ్మను తోసుకుంటా వెళ్లిపోయినాడు. మా మొగం కూడా చూడలా. మేం బిత్తరపోయి చూస్తా ఉంటే మామ టీ వాసన కొడతా వచ్చినాడు. వచ్చి ముందర వరసలో టవలు మనిషిని భుజం పట్టి మా ముందర నిలబెట్టి, ఇదో, ఇతనే అన్నాడు. చెప్పేసి వాళ్లమ్మను మాటల్లో పెట్టి పక్కకు తీసకపోయినాడు.

చెమటకు గంధమంతా కారి అతని చెవుల దాకా వచ్చి ఉండాది. తల పైకెత్తలేక టవలును చేతిలో నలుపుతా ఉన్నాడు.

"మీరన్న మాట వినిపించింది. నేను పిరికోణ్ణే, అది నిజమే. మీరు వద్దనే పని లేదు. నేనే వద్దన్నానని మా అమ్మచేత చెప్పిస్తా. అప్పుడు మీ నాయనకు మీ మీద కోపముండదు, ఇంకొక సంబంధానికి మళ్లీ మిమ్మల్ని అడుగుతాడు." అప్పటికి తలెత్తి అడిగినాడు. "అట్లా చెప్పించేదా? మీకేది ఇష్టం?"

అక్క నవ్వూ ఏడుపూ కలిపి జరిగిందంతా చెప్పింది, పక్కన కూర్చున్న గుండు సంగతి, చెనిక్కాయలు, అంతా. అతను గేటు పక్క చూసినాడు. నలభై గుండ్లు ఒకేసారి బయటికి పోతా ఉన్నాయి. తన తల ఒకసారి తడుముకోని నవ్వినాడు.

"వద్దని చెప్పించొద్దండీ. మా నాయనకు నేనే చెప్పుకుంటా" అనింది అక్క.

మేం పొయ్యేసరికి నాయన అంగట్లో క్యాసెట్టు వెనక్కి తిప్పతా ఉన్నాడు. తలెత్తి మామ పక్క చూసి, ఏమప్పా, పిల్లోడు ఏమన్నాడు అని అడిగినాడు. మామ చెప్పబోయినాడు. అక్క మామను దాటుకోని పోయి గల్లాపెట్టె ముందర నిలబడింది.

"నాయనా, నన్నడుగు. ఇంకొక్కసారి అడుగుతానంటివి కదా."

ఇంక దెబ్బలే అనుకోని నేను కండ్లు మూసుకున్నా. క్యాసెట్టు తిరిగే చప్పుడు ఆగింది. నాయన లేచి నిలబడినాడు. మూడుసార్లూ అమ్మచేత అడిగించినాయన ఆ పొద్దు అక్క మొగంలోకి చూసి, నీకిష్టమేనామ్మా అని తన నోటితోనే అడిగినాడు.

"ఇష్టమే నాయనా" అనింది అక్క, వీధంతా వినపడేటట్టు.