ఆబోతు మీద వేసిన నింద

మా ముత్తాత మునెప్ప పుంగనూరు పక్కన మా ఊరికి మునసబు. ఆయనకు ముగ్గురు భార్యలు. మా తాత చెంగప్ప కూడా మునసబే. ఆయనకు ఇద్దరు. ఇద్దరినీ ఒకే బండిలో, ఒకే రంగు చీరల్లో తిరునాళ్లకు తీసుకెళ్లేవాడట. ఆ బండి కనబడితే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. మా నాయన ఒక్కరినే చేసుకున్నాడు. ఆయన కాలానికి మునసబుగిరీ పోయింది, భూమి పోయింది. ఈ రెంటికీ ఏదో సంబంధం ఉందని నేను చాలాకాలం నమ్మాను. నవ్వకండి. నమ్మాను.

ఆ ఇంటికి మిగిలినవాణ్ణి నేను. పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నా భార్య నాగరత్న చెయ్యి ఆబోతు కుమ్మి విరిగిందని ఊరికి చెప్పాను. విరిచింది నేను.

ఇంత చిన్న వాక్యం రాయడానికి పదకొండేళ్లు పట్టింది.

మా ఇంట్లో రెండో పెళ్లికి ఒక పద్ధతి ఉండేది. కొత్త మనిషి మెడలో కట్టే పసుపుతాడును పెద్దభార్య తన చేత్తో భర్తకు అందించాలి. పశువుల కొట్టంలో, ఆబోతు ముందు నిలబడి. అందిస్తే అది పెళ్లి. అందించకపోతే అది ఉంచుకోవడం. మునసబు ఇంటివాళ్లు పెళ్లి చేసుకుంటారు, ఉంచుకోరు అని తాత మీసం దువ్వేవాడు. చట్టం ఒప్పదని నాకు తెలుసు. చట్టం నిన్నటిది, మా మర్యాద పాతది అనుకున్నాను.

నేను రెండోదిగా చేసుకోవాలనుకున్న ఆమె మదనపల్లెలో పట్టుదారం తీసే పనికి వెళ్లేది. మొగుడు పోయినామె. పేరు రాయను. ఆమె మీద నాకు ప్రేమ ఉండేదా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. కొడుకు కావాలని ఊరికి చెప్పాను. మాకు ఇద్దరూ కూతుళ్లే, అప్పటికి హాస్టళ్లలో చదువుతున్నారు. అదీ నిజం కాదేమో. నాకు కావలసింది ఆ బండి. నన్ను చూసి నలుగురు లేచి నిలబడడం.

ఆ పొద్దున కొట్టంలో నేనూ నాగరత్నా ఇద్దరమే ఉన్నాం. మూడో ప్రాణి బసవడు. మా మందలో మిగిలిన ఆఖరి పుంగనూరు ఆబోతు. నా నడుము దాటని ఎత్తు, బెల్లం కోసం నా చెయ్యి నాకడం వాడికి అలవాటు. నేను పసుపుతాడు ఆమె ముందు పెట్టాను.

"పట్టుకోమ్మే. పట్టుకొని నా చేతికియ్యి. మా జేజి మా తాతకిచ్చింది, జేజి వాళ్లత్త ముత్తాతకిచ్చింది. నీకేమొచ్చింది రోగం?"

"మీ జేజి ఇచ్చింది. ఇచ్చిన దినమే బాయిలో దూకబోతే జుట్టు పట్టి ఈడ్సుకొచ్చినారంట. అది యాల సెప్పవు?"

"ఈ బసవణ్ణి సూడు. ఇన్ని ఆవులకు వీడొక్కడే. ఏ ఆవన్నా ఏడ్సిందా?"

ఆమె నవ్వింది. నాగరత్నది కుప్పం అవతల రామకుప్పం. అడవి పక్క ఊరు.

"మృగాన్ని సూసి నేర్సుకుంటావా? అయితే మా ఊరికి రాయ్యా. ఏనుగుల మంద రాగిచేల్లోకి వస్తాది. ముందర నడిసేది ముసల్ది. మొగోడు పెద్దోడయినంక వాణ్ణి మందలో ఉండనీవు, తరిమేస్తాయి. ఒంటిగా సెట్లు విరుసుకుంటా తిరగతాడు. నీకు ఆ సదువొద్దు, బసవడి సదువే కావాల."

"నోరు ముయ్యి."

"మునసబు మనవడంట! టమాటా మండీలో క్రేట్లు ఎత్తించేవాడికి ఇద్దరు పెళ్లాలంట!"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. తాడు అరచేతిలో కుక్కి వేళ్లు మూయబోయాను. ఆమె పిడికిలి బిగించింది. మోచేతి పైన ఒక చేత్తో అదిమి, రెండో చేత్తో మణికట్టును వెనక్కి తిప్పాను. ఆమె అరవలేదు. అరిచి ఉంటే వదిలేవాణ్ణా? ఈ ప్రశ్న నాకు నేను చెప్పుకున్న ఇంకో అబద్ధం. పచ్చి కానుగకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అది విన్నాను. విన్న తర్వాత కూడా తిప్పాను. మీకు చెప్పవలసింది నిజానికి ఈ ఒక్క ముక్కే. కోపం కన్ను కప్పిందని అంటారు గదా, నా కన్ను కప్పలేదు. ఎముక విరిగిందని తెలుసు, ఆమె మోకాళ్ల మీద పేడలో పడిందని తెలుసు, తాడు ఇంకా నా చేతికి రాలేదని కూడా తెలుసు.

అప్పుడు అరిచింది. జనం వచ్చారు.

"ఆబోతు కుమ్మింది" అన్నాను.

వచ్చినవాళ్లు బసవడి వైపు చూశారు. బసవడు గడ్డి నములుతున్నాడు. పశువులెరిగిన వాళ్లకు ఆ మాట ఎలా నమ్మబుద్ధి అవుతుంది? నమ్మించాలని మూలనున్న నాగలి మేడికర్ర తీసుకుని వాణ్ణి కొట్టాను. మూతి మీద, కళ్ల మీద, కాళ్ల మీద. ముక్కు వెంట నెత్తురు కారింది. వాడు కొమ్ము దించలేదు. ఒకసారి నా వైపే వచ్చాడు, బెల్లం పెట్టే చేతి వైపు. ఇంకా గట్టిగా కొట్టాను. చివరికి ఒక ముసలాయన అడ్డం వచ్చి, "సాలప్పా, నమ్మినాంలే" అన్నాడు. నమ్మలేదు. మునసబు ఇంటివాడు అబద్ధమాడడని ఒప్పుకున్నాడు, అంతే. మా తాతలు కూడబెట్టిన మర్యాదలో మిగిలిన కాస్తా ఆ ఉదయం ఆ ఒక్క మాటకు చెల్లిపోయింది.

మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరు అడిగితే నేనే జవాబు చెప్పాను. నాగరత్న గోడ వైపు చూసింది. సాయంత్రం ఆ పట్టుపని ఆమె పళ్లు తీసుకుని చూడడానికి వచ్చింది. కట్టుకు పైన, భుజం కింద కమిలిన మచ్చలను చూసింది. నాలుగు ఒకవైపు, ఒకటి ఒకవైపు. ఆబోతుకు వేళ్లుండవు. పళ్లు మంచం మీద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు.

కట్టు విప్పిన వారానికి నాగరత్న రామకుప్పం వెళ్లిపోయింది. అక్కడే ఉంది. ఆ చెయ్యి సరిగా అతకలేదు. సంగటి కెలకలేదు. కూతుళ్లు వెళ్లినప్పుడు కెలికి పెడతారు. వాళ్లకు ఆమె నిజం ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నా మీద జాలి అని కొన్నాళ్లు అనుకున్నాను. ఎంత పొగరు!

పోయిన నెల పెద్దకూతురు తన పిల్లను తీసుకుని వచ్చింది. వీధిలో ఒక ఎద్దు పోతుంటే ఆ పిల్ల తల్లి వెనక దాక్కుంది. "దాని దగ్గరికి పోవద్దు, మీ అవ్వ చెయ్యి విరిచింది అదే" అంది నా కూతురు. నేను అరుగు మీద నిటారుగా కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ రాత్రి కాదు, మరుసటి రోజు కాదు, ఇన్నాళ్లకు ఇలా, మీ ముందు తెరిచాను. నా కూతుళ్లు ఇది చదివితే చదవనీ.

నాగరత్నను క్షమించమని అడగను. అడిగితే అది మళ్లీ ఆమె చేత్తో ఏదో ఒకటి ఇప్పించుకోవడమే అవుతుంది. రాశాను. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతున్నది. అంతకుమించి ఏమీ మారలేదు.

పశువును అమ్మేటప్పుడు దాని మెడలోని పలుపుతాడు విప్పి, పాడి ఇంట్లోనే నిలవాలని ఇంటికి తెచ్చుకుంటాం. అది మా వైపు ఆచారం. బసవణ్ణి మదనపల్లె సంతలో కోతకు అమ్మాను. పలుపుతో సహా అమ్మాను.