దొర పట్టు

దయ్యాలతో నాకు విరోధం లేదు. పరిచయం లేదు, అంతే. కాలేజీ చదువు ముగించి ఫ్రెంచి వాళ్ల ఆఫీసులో గుమాస్తాగా చేరినవాణ్ణి. కాగితం మీద లేనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. దీన్ని కాగితం మీద పెడుతున్నది కూడా నేనే గనుక, ఇప్పటికీ నా నమ్మకం సగమే.

కోసపాళయంలో మా ఇంట్లో ఉండేది అమ్మా, నేనూ, ఒక కుక్క. దాని పేరు దొర. ఈ సంగతి ఆఫీసులో చెప్పలేదు.

దొర నా చెప్పుల మీద తప్ప పడుకోదు. దోసె అంచులు తిని నడిమి భాగం నాకు వదిలేస్తుంది. పొద్దున అమ్మ పొయ్యి ముందు కూర్చోగానే ఆమె కొంగు పళ్లతో పట్టుకుని, దోసె పడేదాకా లాగుతుంది. చదువుకున్న మిడిసిపాటుతో నేను దానికి ఆజ్ఞలన్నీ ఫ్రెంచిలోనే నేర్పాను. "లాష్" అంటే వదిలెయ్యమని. ఆ మాటకు తప్ప అది పట్టు వదలదు. అమ్మకు ఆ మాట నోరు తిరగదు.

"ఏందిరా ఇది, వదలమంటే వదలదు? ఇంటి కూడు తింటా పరాయి బాసలో బతకతాది, నీ మాదిరే" అనేది.

ఒక ఆదివారం, పెద్ద వాన వెలిసిన మర్నాడు, దొరను సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాను. గొలుసు కొస నా మణికట్టుకు చుట్టుకుని ఉంది. చర్చిలో పన్నెండు కొట్టడం మొదలైంది. దొర ఉన్నట్టుండి ఆగింది. నాలుగు కాళ్లూ ఇసుకలో దిగేసి, పళ్లు బిగించి, వెనక్కి లాగసాగింది. నోట్లో ఏమీ లేదు.

మెడ నరాలు తేలాయి. చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. మూర్ఛ అనుకున్నాను. జనం ఆగి చూస్తుంటే సిగ్గు కూడా వేసింది. "లాష్" అన్నాను. వినలేదు. మళ్లీ అన్నాను. మూడోసారి అరిచాను. దవడ కొంచెం సడలింది. నా మొహం వైపు ఒకసారి చూసి, వెంటనే మళ్లీ బిగించింది. నా మాట మీరడం అదే మొదలు. కాసేపటికి తనంతట తానే వదిలి కూలబడింది. ఎత్తుకుని ఇంటికి నడిచాను.

అమ్మ పెరట్లో నేల మీద కూర్చుని ఉంది. పక్కింటి రత్నమ్మత్త ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. బావి గట్టు ఒక పక్క నీళ్లలోకి కూలిపోయింది.

పన్నెండు కొడుతుండగా అమ్మ నీళ్లు చేదుతోందట. కాళ్ల కింద గట్టు విరిగి, ఆమె బావిలోకి ఒరిగిందట. వెనక నుంచి ఏదో కొంగు పట్టి ఆపింది. రత్నమ్మత్త గోడ మీది నుంచి చూసింది: కొంగు తాడులా బిగుసుకుని ఉంది, దాని కొసన ఎవరూ లేరు. ఆమె చుట్టు తిరిగి వచ్చి అమ్మను ఇవతలికి లాగేదాకా అట్లాగే ఉందట.

అమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "నువ్వు యాడ తిరిగితే ఏంది, దొర వచ్చింది కదా. దినామూ లాగేదే, దాని పట్టు నాకు తెలీదా?" అంది. కొంగుకు నాలుగు కంతలు. వాటి చుట్టూ తడి, కాస్త ఎర్రగా.

గొలుసు నా చేతికే ఉందని చెప్పాను. ఒడ్డున చూసినవాళ్లను అడగమన్నాను. అమ్మ దొరకు దోసె పొయ్యడానికి లేచింది.

ఇది ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ మాత్రం ఒకటే అడుగుతూ ఉంటుంది. "నడాన ఒకసారి పట్టు సడలిందిరా. పోయినాననే అనుకున్నా. అదెందుకు అట్ట చేసింది?"

అలుపొచ్చి ఉంటుందని చెప్పాను. దొర అక్కడే ఉంది. విన్నది.